గాలి కొట్టే గజ్జెలు: థియేటర్ ఆర్గన్‌లో దాగిన వాద్యాలు

హార్మోనియం విప్పి చూసినవాళ్లకి థియేటర్ పైప్ ఆర్గన్ (సినిమా హాళ్లలో గాలి గొట్టాలతో పలికే పెద్ద వాద్యం) గురించి సగం చెప్పనక్కర్లేదు. తిత్తి ఉంటుంది, గాలి పెట్టె ఉంటుంది, మెట్టు నొక్కితే కన్నం తెరుచుకుంటుంది, గాలి బయటికొస్తూ పలుకుతుంది. పద్యనాటకం ఆడించే ఊళ్లలో హార్మోనీ పెట్టెకి గాలి పోతే తోలుముక్క అంటించి ఆ రాత్రికి నాటకం గట్టెక్కించేవాళ్లు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకి కొత్తగా అనిపించే సంగతి ఒక్కటే. ఈ ఆర్గన్‌లో గాలి ఊదడంతో ఆగదు, కొడుతుంది కూడా. డోలు కొడుతుంది, గంట కొడుతుంది, గజ్జెలు ఆడిస్తుంది.

మూకీ సినిమాల రోజుల్లో తెర ముందు వాద్యబృందాన్ని కూర్చోబెట్టే ఖర్చు తప్పించడానికి పుట్టిన యంత్రం ఇది. టెలిఫోన్ ఇంజనీరుగా పనిచేసిన రాబర్ట్ హోప్‌జోన్స్ అనే ఇంగ్లీషాయన 1910లో అమెరికాలోని వుర్లిట్జర్ కంపెనీలో చేరాడు. మెట్టుకీ గొట్టానికీ మధ్య కర్రలూ కమ్మీలూ తీసేసి కరెంటు తీగ వేయడం ఆయన పద్ధతి. న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టోనవాండా ఫ్యాక్టరీ నుంచి రెండువేలకు పైగా థియేటర్ ఆర్గన్లు బయటికొచ్చాయి. 1927లో టాకీ వచ్చింది, కొన్నేళ్లలో వ్యాపారం కూలిపోయింది. ఇక యంత్రం లోపలికి వెళ్దాం.

కీబోర్డులో డ్రమ్ము బటన్ నొక్కి పెరిగినవాళ్లు ఇక్కడ ఒకటి పొరబడతారు. ఆర్గన్‌లో వినిపించే జైలోఫోన్ (సుత్తితో కొట్టే చెక్క పలకల వాద్యం) అనుకరణ కాదు. గోడ వెనక గదిలో, గొట్టాల పక్కన, నిజం జైలోఫోన్ ఉంటుంది. దాని ఒక్కో పలకకి ఒక్కో సుత్తి, ఒక్కో సుత్తికి ఒక చిన్న తోలు తిత్తి. గది ముందు కిటికీ రెక్కల్లాంటి చెక్కలుంటాయి. వాయించేవాడు కాలితో వాటిని తెరిచీ మూసీ శబ్దాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు. సుత్తి దెబ్బ ఎప్పుడూ ఒకే బలంతో పడుతుంది కాబట్టి, దెబ్బలో లేని చిన్నాపెద్దా ఆ రెక్కలు తెచ్చిపెట్టాలి.

వాద్యాల లెక్క ఒకసారి పట్టుబడితే కాటలాగులన్నీ సులువుగా చదవొచ్చు. 25 స్వరాలంటే రెండు స్థాయిలు, పైన ఒక షడ్జం. 37 అంటే మూడు స్థాయిలు, 49 అంటే నాలుగు. జైలోఫోన్‌కి, ఉక్కు పలకల గ్లాకెన్‌స్పీల్‌కి మామూలుగా 37. క్రిసోగ్లాట్ అనే మెత్తటి లోహపు పలకల వాద్యానికి 49. చెక్క పలకల మరింబాకీ 49. గొట్టపు గంటలకి 18 గాని 25 గాని. వీటికితోడు పెద్ద డ్రమ్ము, స్నేర్ డ్రమ్ము, తాళాలు, ట్రయాంగిల్, మన కంజిరలాంటి టాంబొరిన్, చిడతల్లాంటి కాస్టనెట్స్, చెక్క దిమ్మ, గుర్రపు డెక్కలు, పిట్టకూత, సైరన్, రైలు కూత, కారు హారన్. ఈ రెండో గుంపుని వాళ్లు ‘బొమ్మల కొట్టు’ అని పిలుచుకుంటారు. జాతరలో బొమ్మల దుకాణం ముందు నిలబడి విన్నవాళ్లెవరూ ఆ పేరుకి అడ్డు చెప్పరు.

ఒకే వాద్యానికి రెండు పేర్లు ఉండటం కొత్తవాళ్లని తికమక పెడుతుంది. ‘మరింబా’, ‘హార్ప్’ అని రెండు మీటలు కనిపిస్తాయి గాని లోపల పలకలు ఒక్క సెట్టే. హార్ప్ మీట వేస్తే మెట్టుకి ఒక్క దెబ్బ. మరింబా మీట వేస్తే మెట్టు నొక్కినంతసేపూ సుత్తి గలగలా కొడుతూనే ఉంటుంది. పాత ఆర్గన్ కొనేవాళ్లు మీటల పేర్లు లెక్కపెట్టి ‘ఇన్ని వాద్యాలు’ అని మురిసిపోకూడదు. గదిలోకి వెళ్లి పలకల వరసలు లెక్కపెట్టాలి.

ఈ వాద్యాల్లో మన చెవికి బాగా దగ్గరగా ఉండేవి స్లే బెల్స్. మంచు బండి లాగే గుర్రాలకి కట్టే మువ్వలు అవి. తప్పెటగుళ్ల ఆటగాళ్ల కాలి గజ్జెలు గుర్తుతెచ్చుకోండి. వందల మువ్వలు, ఏ రెండిటికీ ఒకే శ్రుతి ఉండదు, అందరూ కలిసి ఎగిరితే ఒక్క ‘జల్లు’ పడుతుంది. ఇప్పుడు ఆ గజ్జెలన్నీ విప్పి, ఒకే శ్రుతి పలికేవి ఏరి ఒక పట్టీకి, దాని పక్క స్వరం పలికేవి ఏరి ఇంకో పట్టీకి, ఇలా 25 పట్టీలు కట్టారనుకోండి. మెట్టు నొక్కగానే ఆ పట్టీని తిత్తి టకటకా ఊపుతుంది. గజ్జెలతో పాట వస్తుంది. ఒక పట్టీలో ఒక్క మువ్వ పగిలినా శ్రుతి తప్పినా ఆ స్వరం మొత్తం మాసిపోయినట్టు వినిపిస్తుంది, పైగా ఏది చెడిందో కలిపి ఊపితే తెలియదు. ఒక్కోటి వేళ్ల మధ్య పట్టుకుని విడిగా మోగించి చూడాలి. సాటి మువ్వ దొరకకపోతే చెడినదాన్ని తీసేసి మిగతావాటితో నడిపించడమే మేలు. శ్రుతి కలవని కొత్త మువ్వ కలిపితే ఉన్నది కూడా పోతుంది.

దెబ్బ ఎలా పడుతుందో లెక్కతో చూద్దాం. ఆర్గన్‌లో గాలి బలాన్ని ‘నీటి అంగుళాల్లో’ కొలుస్తారు. థియేటర్ ఆర్గన్‌లో తరచుగా కనిపించే అంకె 10 అంగుళాలు, అంటే 25.4 సెంటీమీటర్ల నీటి స్తంభం బరువు. చదరపు సెంటీమీటరుకి 25 గ్రాముల చిల్లర. 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తిత్తి పలక మీద ఆ గాలి పడితే మొత్తం ఒత్తిడి సుమారు 1270 గ్రాములు. తిత్తికి ఒక పక్క కీలు ఉంటుంది కాబట్టి కొసన దొరికేది అందులో సగం, 630 గ్రాముల చిల్లర. సుత్తిని విసరడానికి అది చాలు. తోలుకి సూది బెజ్జమంత చిల్లు పడ్డా ముందు పడిపోయేది దెబ్బ వేగమే. శబ్దం ఆగదు, నీరసిస్తుంది. ‘పలుకుతోంది కదా’ అని వదిలేసేది ఈ దశలోనే.

రెండో తప్పు సుత్తి సర్దుబాటులో జరుగుతుంది. తిత్తి పూర్తిగా కదిలి ఆగిపోయినప్పుడు సుత్తి తల పలకకి 2, 3 మిల్లీమీటర్ల దూరంలోనే నిలిచిపోవాలి. మిగిలిన ఆ కాస్త దూరం ఊపుతో వెళ్లి తాకి వెనక్కి రావాలి. ఖాళీ లేకపోతే సుత్తి పలక మీదే కూర్చుంటుంది, ‘టంగ్’ అనాల్సింది ‘టప్’ అంటుంది. ఖాళీ మరీ ఎక్కువైతే గాలి కాస్త తగ్గినప్పుడు తాకదు, గట్టి గాలిలో మాత్రమే తాకుతుంది. తాకిన సుత్తి ఎగిరి మళ్లీ ఒకసారి తాకుతుంటే సుత్తి ఊచకి వెనక ఆపుడు నంబ్దా (ఒత్తిన ఉన్ని ముక్క) గట్టిపడి ఉంటుంది. నంబ్దా మార్చకుండా స్ప్రింగు బిగించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది.

గలగలా కొట్టే పద్ధతి ఇంటి కాలింగ్ బెల్లులాంటిదే. బెల్లులో సుత్తి కదలగానే తన కరెంటు తానే తెంచుకుంటుంది, వెనక్కి రాగానే మళ్లీ కలుపుకుంటుంది. ఇక్కడ కరెంటు బదులు గాలి. తిత్తి ఒక దూరం కదలగానే తన గాలి దారి కవాటాన్ని తానే తిప్పేస్తుంది. కవాటం నడక ఎక్కువైతే దెబ్బలు బరువుగా, మెల్లగా పడతాయి. తక్కువైతే వేగం పెరుగుతుంది గాని సుత్తి పలకదాకా చేరదు, గాలిలో వణుకుతుంది. సుత్తులన్నీ ఒకే వేగంతో కొట్టాలనుకోవద్దు. కొద్దిగా తేడా ఉంటేనే రెండు స్వరాలు కలిపి పట్టినప్పుడు చెవికి ఇంపుగా ఉంటుంది. అన్నీ ఒక్క లెక్కలో కొడితే కుట్టుమిషన్ మోత.

పలకల విషయానికి వస్తే, జైలోఫోన్‌కి వాడేది హొండూరస్ రోజ్‌వుడ్, మన జిట్టేగికి పెదనాన్న కొడుకు వరస. గట్టి, బరువైన, గంటలా మోగే చెక్క. బొబ్బిలి వీణకి వాడే పనస చెక్క ఎందుకు పనికిరాదని అడగొచ్చు. వీణ కుండకి శబ్దాన్ని పట్టుకుని పంచే గుణం కావాలి, జైలోఫోన్ పలకకి తానే మోగే గుణం కావాలి. ఒక చెక్కలో మెచ్చుకున్న గుణం ఇంకో చోట అడ్డు. పలకని ఎక్కడ ఆనించాలన్నది మరో లెక్క. ఒకే మందం ఉన్న పలక అయితే రెండు కొసల నుంచీ పొడవులో 22.4 శాతం దగ్గర కదలని గీత ఉంటుంది. 30 సెంటీమీటర్ల పలకకి అది కొస నుంచి 6.7 సెంటీమీటర్లు. నిజం పలకలు అడుగున చెక్కి ఉంటాయి కాబట్టి గీత కాస్త జరుగుతుంది. పలక మీద మెత్తటి ఉప్పు చల్లి మధ్యలో మెత్తగా కొడుతూ పోతే ఉప్పు ఆ రెండు గీతల మీదికి చేరుతుంది. కన్నం, నంబ్దా అక్కడే ఉండాలి. అర సెంటీమీటరు పక్కకి జరిగినా పలక గొంతు నొక్కినట్టు పలుకుతుంది. పాత నంబ్దా రాయిలా గట్టిపడి ఉన్నా అదే ఫలితం, కాబట్టి ముందు నంబ్దా మార్చి తర్వాతే పలకని అనుమానించాలి.

గొట్టపు గంటల్లో ఒక తమాషా ఉంది. మనకి వినిపించే స్వరం ఆ గొట్టంలో ఎక్కడా ఉండదు. గొట్టం ఏకకాలంలో చాలా రకాలుగా కంపిస్తుంది. వాటిలో నాలుగు, అయిదు, ఆరో కంపనాలు 81, 121, 169 నిష్పత్తిలో, అంటే దాదాపు 2, 3, 4గా ఉంటాయి. 2, 3, 4 వినబడగానే చెవి తనకి తానే ‘1’ ఊహించుకుని దాన్నే స్వరం అనుకుంటుంది. అందుకే గంటల శ్రుతి మీటర్‌తో చూస్తే అంకె ఒకటి, చెవి చెప్పేది ఒకటి. ఇక్కడ చెవినే నమ్మాలి. గొట్టాన్ని కోసి శ్రుతి సరిచేయబోయేవాళ్లకి ఒక హెచ్చరిక. గాలి ఊదితే పలికే ఆర్గన్ పైప్‌ని పొడవులో ఒక శాతం కోస్తే శ్రుతి 17 సెంట్లు పెరుగుతుంది, అదే ఈ గంట గొట్టాన్ని ఒక శాతం కోస్తే 35 సెంట్లు. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. మీటరున్నర గొట్టంలో సెంటీమీటరున్నర పోతే అర్ధస్వరంలో మూడో వంతు పోయినట్టే, తిరిగి అతికించడం కుదరదు.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకి గది వేడెక్కితే పైపుల శ్రుతి దాదాపు 29 సెంట్లు పైకి పోతుంది, ఎందుకంటే వేడి గాలిలో శబ్దం వేగంగా నడుస్తుంది. గ్లాకెన్‌స్పీల్ ఉక్కు పలకలు దాదాపు కదలవు, కదిలితే కొంచెం కిందికే. విజయనగరం ఏప్రిల్ మధ్యాహ్నం లాంటి ఎండలో ఈ రెండూ కలిపి వాయిస్తే ఎవరో పక్కన తప్పు పాడుతున్నట్టు ఉంటుంది. పలకలని రోజూ అరగదీయలేం. కాబట్టి పలకల శ్రుతికి పైపులని తేవాలి, అది కూడా ఆర్గన్ వాయించే వేళకి గదిలో ఉండే వేడిలోనే.

తోలు దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. చిన్న తిత్తులకి 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల పలచటి మేక లేదా గొర్రె తోలు చాలు. మందం ఎక్కువైతే గట్టితనమని కాదు, తిత్తి మూసుకోవడానికి సగం బలం మడతకే ఖర్చవుతుంది. అతికించడానికి పాతకాలపు వేడి చర్మపు జిగురే వాడాలి. మళ్లీ 30, 40 ఏళ్లకి ఎవరో దీన్ని విప్పాల్సి వస్తుంది. తడి వేడి గుడ్డ పెడితే ఆ జిగురు ఊడుతుంది. తెల్ల ఫెవికాల్ రకం చెక్కలోకి ఇంకిపోయి, ఊడదీస్తే చెక్క పొరతో సహా వస్తుంది, ఆ మీద ఏ జిగురూ సరిగా పట్టదు. రబ్బరు సొల్యూషన్ అసలు వద్దు. వేసవి తిరిగేసరికి జారిపోతుంది.

డ్రమ్ముల విషయంలో మనవాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. తుఫాను ముసురులో డప్పు చర్మం వదులైపోతే గడ్డి మంట దగ్గర కాచి బిగిస్తారు. 1920ల్లో అక్కడి డ్రమ్మరులు పెద్ద డ్రమ్ము లోపల బల్బు వెలిగించి ఉంచేవాళ్లు, అదే పని. ఆర్గన్ గదిలో తోలు మూతలు ఉంటే ఇది తప్పదు. బల్బు తోలుకి చెయ్యెడు దూరంలో ఉండాలి, వాట్లు తక్కువ ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్ మూతలు వేసేశారు. శబ్దం కాస్త పొడిగా ఉన్నా గదిలోకి రోజూ పరిగెత్తే బాధ లేదు.

స్నేర్ డ్రమ్ముతో ఇంకో తలనొప్పి. అడుగున ఉన్న సన్నటి తీగలు, ఎవరూ కొట్టకపోయినా, కొన్ని పైపులు పలికినప్పుడు ‘జుర్ర్’ మంటాయి. గాలి లీకని అనుకుని తిత్తులన్నీ విప్పేసిన సందర్భాలున్నాయి. ముందు డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి అదే స్వరం మళ్లీ వాయించండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. డ్రమ్ముని గదిలో ఇంకో మూలకి మార్చడం, లేదా తీగల బిగువు కొద్దిగా మార్చడం చాలు. భావనపాడు, కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో అయితే ఆ తీగలూ ఉక్కు పలకలూ తుప్పు పడతాయి. నూనెగుడ్డతో తుడిచి మళ్లీ పొడిగుడ్డతో తుడవాలి. నూనె పొర మిగిలితే దుమ్ము అంటుకుని పలక బరువెక్కుతుంది.

బొమ్మల కొట్టులో పిట్టకూతకి మించిన మోసగాడు లేదు. చిన్న ఊదుడు గొట్టం తలకిందులుగా నీళ్ల గిన్నెలో మునిగి ఉంటుంది. గాలి వెళ్లగానే నీళ్లు కదిలి స్వరం గిరగిరా తిరుగుతుంది. జాతరలో అమ్మే నీళ్ల పిట్ట ఈలే ఇది. నెల గడిచేసరికి నీళ్లు ఆవిరైపోతాయి, కూత కీచురాయి అవుతుంది. గ్లిజరిన్ కలిపిన నీళ్లు గాని పలచటి మినరల్ ఆయిల్ గాని పోస్తే ఏడాది చూడక్కర్లేదు. గుర్రపు డెక్కలకి చెక్క గిన్నెలు, సముద్రపు హోరుకి గాలి గాని రాళ్ల పెట్టె గాని. వీటిలో చెడేవి తక్కువ.

కరెంటు వైపు 12 వోల్టుల ప్రాంతపు డీసీ. మెట్టు నొక్కితే అయస్కాంతం చిన్న రేకుని లాగుతుంది, రేకు గాలి కన్నం తెరుస్తుంది, గాలి తిత్తిని కదుపుతుంది. ఒక స్వరం మాత్రమే పలకకపోతే తిత్తి విప్పేముందు ఆ రేకుని వేలితో నొక్కండి. పలికితే తప్పు కరెంటుది, పలకకపోతే తప్పు గాలిది. సగం రోజు మిగులుతుంది. పాత రిలే (మెట్ల నుంచి వచ్చే కరెంటుని అయస్కాంతాలకి పంచే స్విచ్చుల పెట్టె) తీసేసి ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టేవాళ్లు ప్రతి అయస్కాంతానికీ అడ్డంగా 1ఎన్4004 లాంటి డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా, తప్పకుండా వేయాలి. లేకపోతే అయస్కాంతం వదిలిన ప్రతిసారీ వచ్చే ఎదురు దెబ్బకి బోర్డులో ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటీ కాలతాయి. ఇంకొకటి, సుత్తులకి వెళ్లే గాలిని ట్రెములెంట్ దాటిన గొట్టం నుంచి తీసుకోకూడదు. పైపుల స్వరాన్ని వణికించడానికి గాలిని ఊపే పరికరం అది. ఆ ఊగే గాలితో సుత్తులు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా కొడతాయి.

మన వాద్యాలని ఇలా గాలికి కట్టగలమా అన్నది ఇక్కడివాళ్లకి తప్పక వచ్చే ప్రశ్న. డప్పుకి కుదురుతుంది, అది పుల్లలతో కొట్టేది, రెండు తిత్తులు చాలు. గజ్జెలు కుదురుతాయి, పైన చెప్పినట్టే. తప్పెట దగ్గర చిక్కు. తప్పెటగుళ్లలో దెబ్బ పడేది అరచేతులతో, వేళ్లతో. అరచెయ్యి మొత్తం పడితే ఒక శబ్దం, వేలి కొస పడితే ఒకటి, పడ్డ చెయ్యి అక్కడే ఆగితే ఇంకొకటి. సుత్తికి వీటిలో ఒక్కటే వస్తుంది. ఇక జముకు అసలు కుదరదు. జముకులకథ చెప్పేవాళ్లు తోలు మధ్య నుంచి వచ్చే నరాన్ని చేత్తో లాగి పట్టుకుని మీటుతారు, ఆ లాగుడు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే స్వరం మూలుగుతుంది. అది చెయ్యి చేసే పని, ఉన్నదీ లేనిదీ అనే రెండే మాటలు తెలిసిన గాలి కవాటం చేసే పని కాదు. గది నిండా వాద్యాలు పెట్టుకున్న వుర్లిట్జర్ కూడా జముకు ముందు చేతులెత్తేయాల్సిందే.

నమ్మకం కుదరాలంటే ఒక్క స్వరం చేసి చూసుకోవచ్చు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండు, 10కి 5 సెంటీమీటర్లు. ఒక పొట్టి అంచున తోలు పట్టీతో కీలు. మిగతా మూడు పక్కలా పలచటి తోలు, కొసన 3 సెంటీమీటర్లు తెరుచుకునేలా వదులు ఉంచి చర్మపు జిగురుతో అంటించాలి. కింది ముక్కలో 12 మిల్లీమీటర్ల కన్నం గాలి రావడానికి, పక్కనే 2 మిల్లీమీటర్ల చిన్న కన్నం గాలి పోవడానికి. పెద్ద కన్నానికి బ్లోయర్ గొట్టం, మధ్యలో బొటనవేలితో తెరిచే మూత. పై ముక్క కొసకి సైకిల్ చువ్వ, చువ్వ చివర నంబ్దా చుట్టిన చెక్క పూస. గాలి బలం కొలవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ముక్కని U ఆకారంలో గోడకి కొట్టి సగందాకా రంగునీళ్లు పోయండి. ఒక కొస గాలికి కలిపితే ఒక పక్క 5 అంగుళాలు దిగి, రెండో పక్క 5 అంగుళాలు ఎక్కాలి. అది 10 అంగుళాలు. ఒక పక్క దిగినదే చూసి 5 అని రాసుకోవడం అందరూ చేసే పొరపాటు.

దెబ్బ నీరసంగా ఉంటే ముందు చిన్న కన్నం మీద వేలు పెట్టి చూడండి. బలం వస్తే కన్నం పెద్దదైంది, మైనం పెట్టి తగ్గించాలి. దెబ్బ బాగుండి సుత్తి వెనక్కి రావడం ఆలస్యమైతే కన్నం చిన్నది, అర మిల్లీమీటరు పెంచాలి. రెండూ బాగుండి శబ్దం మాత్రం ‘టప్’ అంటుంటే చువ్వని పలక నుంచి కొంచెం దూరంగా వంచండి.